తేలని ఫిర్యాదు

“లైను మళ్లీ కలపడానికి ఛార్జీ ఏంటి? ఒక్క పైసా ఒప్పుకోను!”

మళ్లీ ఆవిడే. ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో కూర్చున్న అమ్మాయి హెడ్‌ఫోను సర్దుకుని, లేని ఓపిక తెచ్చుకుంది.

“బిల్లు ఆలస్యమైంది కాబట్టి నిన్న లైను ఆపేశారు మేడం. కలపాలంటే ఆ ఛార్జీ తప్పదు. అయినా సార్ కట్టేశారు కదా!”

“ఆయన కడితే? నేనొప్పుకోవద్దూ? నా ఫిర్యాదు అలాగే ఉంచండి.”

దేవుడు కరుణించినా పూజారి కరుణించడంటే ఇదే. ఛార్జీ మీద ఫిర్యాదు ఉన్నంతవరకు, డబ్బు కట్టినా సరే, లైను కలపకూడదన్నది కంపెనీ రూలు. పాపం, ఆ భర్త పనిమీద వేరే ఊరు వెళ్లి, అక్కణ్నుంచే గంటకోసారి బతిమాలుతున్నాడు.

“ఇంట్లో మా ఆవిడా, చిన్నపాపా ఒంటరిగా ఉన్నారమ్మా. ఎలా ఉన్నారోనని నా మనసు మనసులో లేదు. కాస్త తొందరగా లైను ఇప్పించు తల్లీ!”

అంత మెత్తని మనిషికి ఇంత గయ్యాళి ఎలా దొరికిందో! అమ్మాయికి అతని మీద జాలేసింది.

ఇంతలో సూపర్‌వైజరు వెనక వచ్చి నిలబడ్డాడు.

“సాయంత్రంలోగా ఆ ఫిర్యాదు మూతపడాలి. నీ చేత కాకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఈ ఉద్యోగం కోసం ఎన్ని గడపలు ఎక్కి దిగిందో ఆ అమ్మాయికే తెలుసు.

“మేడం, సగం తగ్గిస్తాను.”

“వద్దు.”

“పోనీ, వచ్చే నెల బిల్లులో…”

“వద్దన్నానా! తొందరేం లేదు, రేపు మాట్లాడుకుందాం.”

ఈవిడకి రేపు. తనకి రేపనేదే లేదు. ఏడుపొచ్చేసింది. అప్పుడు తట్టిందో ఉపాయం. అసలు ఛార్జీయే లేకుండా చేస్తే? పోట్లాడటానికి ఏమీ మిగలదు, ఫిర్యాదు దానంతటదే మూతపడుతుంది. ఆ మాటే సూపర్‌వైజరుని అడిగింది. అతను కాసేపు గొణిగి, సరేనని తలూపాడు.

అమ్మాయి గబగబా మీటలు నొక్కింది.

“మేడం, శుభవార్త! ఛార్జీ మొత్తం తీసేశాం. సార్ డబ్బులు సార్‌కి వెళ్లిపోతాయి. లైను కూడా కలిపేశాను. చూడండి, మోడెం మీద లైటు వెలుగుతోందా?”

ఇన్ని తిట్లు తిట్టినందుకు ఇప్పుడు సిగ్గుపడుతుందేమో అనుకుంది అమ్మాయి. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

“ఎంత పని చేశావమ్మా,” అందావిడ, “గదిగదికీ ఆయన పెట్టించిన కెమెరాలన్నీ పనిచేయడం మొదలెట్టాయి, పాపనెత్తుకుని పెట్టెతో గుమ్మం దాకా వచ్చిన నన్ను ఆయనిప్పుడు అక్కణ్నుంచే చూస్తున్నాడు.”