పై చార

"సార్, పై చార నలుపా, పసుపా?" నిచ్చెన మీద నుంచి అడిగింది హెన్రికే.

తూర్పు జర్మనీ ప్రభుత్వం రద్దు చేసిన ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మా సాక్సనీ మళ్లీ రాష్ట్రమైంది. మా టౌన్‌హాల్ గోడ మీద "స్వేచ్ఛా రాష్ట్రం సాక్సనీ" అని రాసి, కింద నలుపు, పసుపు చారల రాష్ట్ర చిహ్నం వేస్తోంది నా పాత శిష్యురాలు.

"మర్చిపోయానమ్మా. ఇన్నేళ్లూ మమ్మల్ని ఆ పాఠం చెప్పనిస్తేగా!" అన్నాను.

"ఐదో తరగతిలో నేనిదే గీశాను. అలాంటి రాష్ట్రమే లేదని క్లాసులో అందరి ముందూ మీరే చింపేశారు."

"ఉద్యోగం పోతుందని భయం తల్లీ."

"చింపినందుకు అడగట్లేదు సార్. నేను పసుపు పైన వేశాను. చింపబోతూ నా చెవిలో 'నలుపు పైనుండాలి, పిచ్చిపిల్లా' అన్నారు. మీరెలా మర్చిపోతారు?"

ఆమె కుంచెను నల్లరంగులో ముంచింది. కింద నిచ్చెన పట్టుకున్న నేను తలెత్తలేకపోయాను.