రోజుకు రెండు బిందెలు

“స్విచ్ ఎయ్యప్పా గంగాధరప్పా! ఆటకు ఇంక గంటే ఉండాది!”

“ఎయ్యను సావుకారీ.”

సినిమా హాలు యజమాని శివప్పకు ఒళ్ళు మండిపోయింది. బొంబాయి నుంచి గూడ్సు బండిలో వచ్చిన చల్లగాలి యంత్రం హాలు మిద్దెక్కి ఎనిమిది రోజులైంది. ‘నేటి నుంచి మా హాలులో చల్లని గాలి’ అని గుంతకల్లు గోడలన్నిటికీ కాగితాలు అంటించేశాడాయన. గేటు బయట జనం మే నెల ఎండలో మాడుతున్నారు. కరెంటు పని చూసే గంగాధరప్ప మాత్రం మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుని, తీరిగ్గా నస్యం పీలుస్తున్నాడు. ఆ నస్యం పుణ్యమా అని అతని ముక్కు మొద్దుబారి చాలా ఏళ్ళయింది. బుర్ర మాత్రం చురుకే.

“ఎందుకెయ్యవు?”

“ఎర్తు సూడల్ల. ఎనిమిది దినాల కింద సూస్తే నేల ఎండిపోయి బల్బు మిణుకు మిణుకుమనె. మిషన్లో యాడన్నా కరెంటు కారితే నేలలోకి పోవల్ల. నేల తీసుకోకపోతే, మొదట చెయ్యి పెట్టినోన్ని పట్టుకుంటాది. ఆ మొదటి చెయ్యి నాదే.”

“ఈ పొద్దు మిషను తిరగకపోతే రేపు బళ్ళారి నుంచి ఇంకొకన్ని పిలిపిస్తా. నీకు ఈడ పనుండదు, సెప్తాండా.”

“పిలిపించు. వాడూ ఇదే అంటాడు.”

పైకి అలా అన్నాడు గాని, గంగాధరప్ప జేబులోని ఫ్యూజులను ఇంకోసారి తడుముకున్నాడు. ఉన్నది ఆ ఒక్క కొలువే. అదీ, ప్రాణమూ రెండూ ఇప్పుడు హాలు వెనక గోడ పక్కన తవ్విన గుంత మీద ఆధారపడి ఉన్నాయి. రాగి రేకు పాతి, బొగ్గూ ఉప్పూ దట్టించి పూడ్చిన ఎర్తు గుంత అది. దానికి రోజూ రెండు బిందెల నీళ్ళు పోసే పని భార్య రామాంజినమ్మకు అప్పజెప్పాడు. రైల్వే కొళాయి దగ్గర గంటసేపు నిలబడితే గాని బిందె నిండని కరువు రోజులు మరి. అప్పజెప్పిన నాడు ఆమె మొగుణ్ణి ఒక చూపు చూసింది. ఆ చూపు అతనికింకా గుర్తుంది.

ఆమె గేటు దగ్గర ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతూ ఉంది.

“రామాంజినీ! దినామూ గుంత తడిసిందా?”

“తడిసిందో లేదో పోయి సూసుకో,” అందామె తలెత్తకుండా, శెనక్కాయల బుట్ట మీద తుప్పు పట్టిన రేకు ఒకటి బోర్లించి.

యజమానీ పనివాడూ హాలు వెనక్కి నడిచారు. గోడకు తను రాసి కొట్టిన బోర్డు లేదు, మేకు ఒక్కటే మిగిలింది. గాలికి ఎగిరిపోయి ఉంటుందిలే అనుకున్నాడు గంగాధరప్ప. గుంత దగ్గరికి రాగానే శివప్ప కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

గంగాధరప్ప వెంట తెచ్చిన బల్బు తీగల్లో ఒకటి కరెంటు తీగకూ, ఇంకొకటి ఎర్తు తీగకూ కలిపాడు.

బల్బు భగ్గున వెలిగింది. నడి మధ్యాహ్నపు ఎండలో కూడా కళ్ళు చెదిరేంత వెలుతురు.

“సూస్తివా సావుకారీ! నా పెండ్లాం పోసిన నీళ్ళు!” అంటూ గంగాధరప్ప వంగి, గుంతలోని తడి మట్టి ఇంత తీసుకుని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. ఆ కళ్ళు నిజంగానే చెమర్చాయి. శివప్ప ఏదో చెప్పబోయి, ఆటకు టైమవుతోందని నోరు మూసుకున్నాడు.

మిద్దె మీద గంగాధరప్ప తీగల బిగువులన్నీ ఇంకోసారి లాగి చూశాడు. ఫ్యూజులు పెట్టాడు. స్విచ్ ఒక్క క్షణం వేసి తీశాడు. ఫ్యాను సరైన వైపే తిరిగింది. మళ్ళీ వేసి, దేవుణ్ణి తలుచుకుని, చేతి వెనక వైపుతో యంత్రాన్ని తాకాడు. చీమ కుట్టినట్టు కూడా లేదు. కాసేపటికి కింద హాల్లోంచి ఈలలు, చప్పట్లు వినిపించాయి.

అతను నేరుగా గేటు దగ్గరికి వచ్చి రామాంజినమ్మ పక్కన చతికిలబడ్డాడు. ఈ ఆడమనిషి లేకపోతే తనేమైపోయేవాడో అనిపించింది.

“పదహారు బిందెలు మోసినావే! ఏదీ, ఆ భుజం ఇట్లా తిప్పు, పిసుకుతా.”

“నేను ఒక్క బిందె గూడా పోయలేదు.”

“ఏమంటివి?”

“మన సందులో సుంకమ్మ కూతురు బాలింత. బిడ్డకు పోసేదానికి సెంబుడు నీళ్ళు లేవు ఆ ఇంట్లో. మన్నుకు పోసేదానికి నాకు చేతులు రాలేదు. దినామూ ఆ రెండు బిందెలూ వాళ్ళింటికే ఇచ్చినా.”

గంగాధరప్ప యంత్రాన్ని తాకిన చేతిని చూసుకున్నాడు.

“నన్ను సంపాలనుకుంటివా ఏమే?”

“నిన్ను పోగొట్టుకుని నేనేం జేయల్ల?” అందామె. “ఆ గుంత ఒక్క పూట ఎండనిచ్చినానా? పొద్దునా మాపునా పుల్ల గుచ్చి సూస్తానే ఉంటి.”

“మరి ఆ తడి యాడిది?”

ఆమె బుట్ట వెనక దాచిన చెంబు తీసి, నిండుగా ఉన్న నీళ్ళు అతని ముందు పెట్టింది.

“ముందు కండ్లు కడుక్కో.”

“తాగేదానికే లేకుంటే కండ్లు కడుక్కోవల్లనా? నా కండ్లకేమైంది?”

రామాంజినమ్మ బుట్ట మీది రేకు తీసి వెనక్కి తిప్పింది. దాని మీద ఎర్ర రంగుతో, గంగాధరప్ప స్వహస్తాలతో రాసిన అక్షరాలు: ‘ఇచ్చట మూత్రము పోయరాదు.’