కుంటి కోడి వెల

"ఒక్క సున్నా, అక్కా! ఒక్క సున్నా మింగేశాను!"

ఫోను పట్టుకుని ఎలియేసెర్ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అక్క నెరేయిదా నూనెలో మొక్కజొన్న అరెపా తిప్పుతూ తీరిగ్గా అడిగింది.

"ఏ డిస్కుకి?"

"కుంటి కోడికి. నాలుగు లక్షల పెసోలు కొట్టబోయి నలభై వేలు కొట్టాను. సైటులో పెట్టిన నిమిషంలో ఎవరో కొనేశారు."

నెరేయిదా పొయ్యి ఆర్పేసి వచ్చింది. కుంటి కోడి అంటే మాటలా! బరాన్‌కియా నగరంలో రెబోలో పేట పేటంతా ఊగిన పాట అది. వాళ్ళ నాన్న గోడంత స్పీకర్లతో వీధి డాన్సులు నడిపినన్నాళ్ళూ, ఆ ఆఫ్రికా పాట అసలు పేరు పోటీవాళ్ళలో ఒక్కడికీ తెలియనివ్వలేదు. గ్రామఫోన్ డిస్కు నడుమ పేరున్న కాగితాన్ని బ్లేడుతో గీకేసి, తనే పేరు పెట్టి, అట్ట మీద కోడి బొమ్మ గీశాడు. దాన్ని వేసే ముందు దీపం ఆర్పి, చీకట్లో పెట్టెలోంచి తడిమి తీసేవాడు. కన్నకొడుకునైనా ఆ పెట్టె ముట్టనివ్వలేదు. ఆయన పోయాకే అది వీళ్ళ చేతికొచ్చింది.

"సరుకు లేదని రద్దు చేసెయ్."

"లేని డిస్కులు అమ్మి ఇప్పటికే రెండుసార్లు ఆ మాట చెప్పాను. మూడోసారి అంటే సైటువాళ్ళు మన కొట్టు మూసేస్తారు. విరిగిందని ఫొటో పెడితేనే వదిలేస్తారు."

"అయితే విరక్కొట్టు."

"మతి పోయిందా నీకు?"

"దాన్ని కాదురా మొద్దూ!" నెరేయిదా పెట్టె అడుగు నుంచి ఇంకో డిస్కు లాగింది. అట్ట మీద మేరీమాత బొమ్మ, జపమాల ప్రార్థనలు. "నాన్న పెళ్ళికి తప్ప చర్చి గడప తొక్కలేదు. ఇదెందుకు దాచాడో! గీకే అలవాటు కొద్దీ దీన్నీ గీకేశాడు చూడు. ముక్కలయ్యాక ఏది ఏదో ఎవడు చెప్పొచ్చాడు?"

"ప్రార్థనల డిస్కే... పాపం తగలదూ?"

"పాపం నాకు. మోకాలు నీది."

నెరేయిదా శిలువ గుర్తు వేసుకుంది. ఎలియేసెర్ మోకాలి మీద డిస్కు ఫెళ్ళుమంది.

ఫొటో పెట్టిన పావుగంటకు ఫోను మోగింది.

"అబ్బాయ్, నేను విల్ఫ్రిదోని. కొన్నది నేనే."

అవతలి వీధిలో నాన్నకు పోటీగా స్పీకర్లు పెట్టిన పెద్దాయన.

"పెట్టె జారిపడింది, బాబాయ్..."

"మీ నాన్న ఆ ఒక్క పాటతో ముప్పై ఏళ్ళు నా జనాన్నంతా లాక్కుపోయాడు. చచ్చేలోపు ఇంట్లో కూర్చుని ఒక్కసారైనా వినాలనుకున్నాను."

"క్షమించు, బాబాయ్. డబ్బు వెనక్కి పంపేస్తాను."

"డబ్బెవడిక్కావాలి? ముక్కలు పంపు. అతికించి గోడకు తగిలించుకుంటాను."

ఫోను పెట్టేశాక నెరేయిదా పొట్ట పట్టుకుని నవ్వింది. "జపమాల ముక్కలకు నలభై వేలా! పోనీలే, ముసలాయనకు పుణ్యమైనా దక్కుతుంది."

ఎలియేసెర్‌కు మనసు కాస్త చివుక్కుమంది. అందుకే ముక్కలను పాత దుప్పటిలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాడు. ఆ పొట్లంతో కొరియర్ బండి సందు మలుపు తిరిగింది.

"ఈసారి సున్నాలు నేను లెక్కపెడతాను," అంది నెరేయిదా. "గీతలు పడతాయని ఇన్నాళ్ళూ వెయ్యనివ్వలేదు నువ్వు. ఒక్క నిమిషం పాట వినిపించామంటే ఐదు లక్షలకైనా ఎగరేసుకుపోతారు."

నిజమే అనిపించింది ఎలియేసెర్‌కు. కోడి బొమ్మ అట్టలోంచి డిస్కు తీసి, చొక్కా అంచుతో తుడిచి, నెమ్మదిగా సూది దించాడు. నెరేయిదా నడుం మీద చెయ్యేసి, మొదటి దరువు కోసం మడమ ఎత్తి నిలబడింది.

స్పీకర్లోంచి చర్చి ఫాదర్ గొంతు జపమాల మొదలుపెట్టింది.