నాన్న బండి చప్పుడు

“క్యామ్ షాఫ్ట్ ఒక్కటీ మారిస్తే సరిపోతుందనుకుంటున్నావా?” అన్నాడు మెకానిక్, బానెట్ కింద నుంచి తల బయటికి తీయకుండానే. “దాని వెనకాల చుట్టాలు బోలెడు మంది దిగుతారు.”

“దిగనీ బాబాయ్. ఏమేం కావాలో చెప్పు, తెప్పిస్తాను,” అన్నాడతను.

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు. కొత్త క్యామ్, ఇంజనులోకి గాలీ పెట్రోలూ వదిలే వాల్వులను ఎక్కువ ఎత్తుకు, ఎక్కువసేపు తెరుస్తుంది. వాటిని వేళకు వెనక్కి లాగే బలం పాత స్ప్రింగులకు ఉండదు కాబట్టి గట్టి వాల్వ్ స్ప్రింగులు కావాలి. క్యామ్‌కూ వాల్వులకూ మధ్య ఉండే పాత టాపెట్లు ఉంచితే కొత్త క్యామ్‌ను అరగదీస్తాయి, కాబట్టి అవీ కొత్తవే. ఎలాగూ ఇంజను విప్పుతున్నారు కనక టైమింగ్ చైను, గాస్కెట్లు. అన్నీ బిగించాక మళ్ళీ ట్యూనింగ్.

“ఇంతా చేస్తే ఇది నువ్వు రోజూ ఆఫీసుకు వెళ్ళే బండి. సిగ్నల్ దగ్గర ఆగితే గుడగుడమని ఊగిపోతుంది. పెట్రోలు మంచినీళ్ళలా తాగుతుంది. ఈ వయసులో పందేలకు గానీ వెళ్తావా ఏంటి?”

“స్పీడు నాకెందుకు బాబాయ్. ఆ గుడగుడే కావాలి. నాన్న బండిలా.”

తుడుచుకుంటున్న చేయి ఆగింది. ఒకప్పుడు నాన్న షెడ్డులో పనిచేస్తూ ఆ బండికి అలాంటి క్యామ్ వేసింది ఈ మెకానిక్కే.

“మీ నాన్నగారి బండి సందు మొదట్లో ఉండగానే తెలిసిపోయేది,” అని నవ్వాడు. “మేమంతా టీ గ్లాసులు దాచేసి, పానాలు పట్టుకుని ఎంత బుద్ధిమంతుల్లా నిలబడేవాళ్ళమో.”

“ఇంట్లో మేమూ అంతే.”

నిజంగానే అంతే. సాయంత్రం ఆ చప్పుడు వినపడగానే అక్కా, అతనూ అల్లరి కట్టిపెట్టి పుస్తకాల ముందు కూర్చునేవారు. అమ్మ పక్కింటావిడతో చెబుతున్న మాటను సగంలో తుంచేసి ఇంట్లోకి వచ్చేది. జుట్టు సవరించుకుని, నాన్న బండి ఆపేసరికి తలుపు తీసి నిలబడేది. నాన్నకు హారన్ కొట్టాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అతను పెళ్ళయ్యాక ఈ సంగతి భార్యకు చెప్పి చెప్పి విసిగించాడు. “చూసి నేర్చుకో” అంటే, “ముందు మీరు వేళకు ఇంటికి రండి, నేర్చుకుంటాను” అనేది ఆవిడ.

నాన్న పోయి ఏడాది దాటింది. పాత బండి తుక్కు కింద పోయింది. అప్పటి నుంచీ అమ్మ ఇంట్లో నిలవడం లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా లైబ్రరీలోనో, పార్కు బెంచీ మీదో ఉంటుంది. ఓసారైతే ఏదో బస్సెక్కింది, ఎక్కడికని అడిగితే “చివరి స్టాపు దాకా” అంది. ఖాళీ ఇల్లు మింగేస్తోంది కాబోలు పాపం అనుకున్నప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేది. ఒక్కసారైనా ఆ చప్పుడు విని అమ్మ మళ్ళీ తలుపు దగ్గరికి పరుగున రావాలి. అంతకన్నా అమ్మకు తనేం ఇవ్వగలడు?

సామాను వచ్చిన రోజు అక్కకు ఫోన్ చేసి చెప్పాడు.

“అమ్మకు చెప్పావా?” అంది అక్క.

“చెబితే ఇంకేముంది? సర్‌ప్రైజ్.”

“ఇప్పుడవన్నీ ఎందుకురా? అమ్మ బాగానే ఉందిగా.”

“ఏం బాగు? కాలు ఒకచోట నిలవకుండా ఊరంతా తిరుగుతోంది.”

“తిరగనీ.”

“ఈ ఆలోచన నీకు రాలేదని కుళ్ళు,” అని ఏడిపించాడు.

అక్క నవ్వలేదు. “వెళ్ళే ముందు అమ్మకు ఒక్క ఫోన్ చెయ్యి,” అని పెట్టేసింది.

అన్నీ బిగించాక మెకానిక్ ఇంజను స్టార్ట్ చేశాడు. అతను పక్కనే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

“ఇంకొంచెం బరువుగా ఉండేది బాబాయ్.”

మెకానిక్ లాప్‌టాప్‌లో ఏవో అంకెలు మార్చాడు. “ఇప్పుడు?”

“మధ్యలో చిన్న తడబాటు ఉండేది. గుడ్ గుడ్... గుడ్. అలా.”

ఇంకోసారి మార్చాడు. ఈసారి అచ్చం అదే చప్పుడు. నాన్న చొక్కాకు అంటిన పెట్రోలు వాసన, ఒళ్ళో తెరిచిన లెక్కల పుస్తకం, గబగబా అమ్మ అడుగులు, అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. అతను కళ్ళు తుడుచుకుంటుంటే మెకానిక్ చూడనట్టు అటు తిరిగి పానాలు సర్దుకున్నాడు.

బయల్దేరే ముందు అమ్మకు ఫోన్ చేశాడు.

“మధ్యాహ్నమంతా బయటే తిరిగానురా, కాళ్ళు లాగుతున్నాయి. కాసేపు నడుం వాలుస్తాను,” అంది. గొంతు హుషారుగానే ఉంది. పైకి అలా నటిస్తోందిలే అనుకున్నాడు.

చీకటి పడే వేళకు బండి సందులోకి తిరిగింది. అతను కావాలనే మెల్లగా నడిపాడు. ఆ చప్పుడు రెండు వైపులా గోడలకు తగిలి, అచ్చం అప్పట్లాగే, బండి కన్నా ముందే ఇంటికి చేరింది. పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు తలుపు వైపే చూస్తున్నాడు.

బండి ఆగకముందే లోపల లైటు వెలిగింది. తలుపు తెరుచుకుంది.

హారన్ కొట్టలేదు. అయినా అమ్మ వచ్చింది. నిద్రకళ్ళతో, జుట్టు సవరించుకుంటూ, పమిట సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. హెడ్‌లైట్ల వెలుగు ముఖాన పడుతోంది, బండిలో ఎవరున్నారో ఆమెకు కనిపించే వీల్లేదు. అతని గుండె సంతోషంతో నిండిపోయింది. అద్దం దించి “అమ్మా” అని పిలవబోయాడు.

ఈలోపే ఆమె తల దించుకుని గబగబా చెప్పింది.

“పొద్దున్నుంచీ గడప దాటలేదండీ.”