ఎడమ ముందరి కాలు

"నీ చీలే గిట్టలో గుచ్చుకుంది ముసలోడా! మొన్న నువ్వు లాడాలు కొట్టి పోయావు, ఇవాళ నా గుర్రం కుంటుతోంది!" మాసాంబ వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు.

లతీర్ తాత తొణకలేదు. గోనెపట్టా పరిచి సుత్తి, పటకారు, ఆకురాయి దానిమీద పెట్టుకున్నాడు. నలభై ఊళ్ళ గుర్రాలకి లాడాలు కొట్టిన చేతులు ఆయనవి.

"అరుచుకో, ఇంకా అరుచుకో. మీ జోప్‌లకి దేవుడు నోరిచ్చింది రెండు పనులకే. అరవడానికీ, అన్నం మింగడానికీ."

"మా కంచంలో తిని పోయిన న్జాయ్‌లు ఎంతమందో ముందు అది చెప్పు."

జోప్ ఇంటిపేరువాళ్ళూ న్జాయ్ ఇంటిపేరువాళ్ళూ ఎదురుపడితే ఇలా తిట్టుకోవాల్సిందే, అది తాతలనాటి వరస. ఎవరికీ కోపం రాదు. వేరే రోజైతే మాసాంబ తమ్ముడి భార్య మరేమ్ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇవాళ చంటిపిల్లని గుండెకి అదుముకుని వంటపాక గుమ్మంలో నిలబడిపోయింది. పిల్ల పాలకోసం తడుముకుంటున్నా తెలియడం లేదు.

ఎడమ ముందరి కాలు. ఆ లాడం ఊడిందంటే తన పని అయిపోయినట్టే.

వేరుశనగ కోతలు అయిపోయాయి. తమ్ముడు బిరామ్ బండి కట్టుకుని డాకర్ పట్నం పోవాలని, మళ్ళీ వానలు పడేదాకా అక్కడే బాడుగలు తోలాలని మాసాంబ చెప్పేశాడు. బిరామ్ తల ఊపాడు. అన్న మాటకి ఎదురు చెప్పడం ఆయనకి చేతకాదు. పిల్లకి ఇంకా మెడ నిలవలేదు. ఆ లారీల మధ్య, ఆ జనం మధ్య, ఈ మెతక మనిషి... తెల్లారితే ప్రయాణమనగా మరేమ్ గడ్డి వేసే వంకతో గుర్రం దగ్గరికి పోయింది. లాడానికీ గిట్టకీ మధ్య సందులో చింతగింజ పెట్టి, గరిటె కాడతో లోపలికంటా నొక్కింది.

"గుర్రాన్ని గట్టిగా పట్టుకో బిరామ్," అన్నాడు తాత.

బిరామ్ దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, దాని నుదుటికి తన నుదురు ఆనించాడు. ఎవరివంకా చూడలేదు.

తాత ఎడమ కాలిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మొదటి చీల లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పొడిగా ఉంది. పచ్చి మాంసంలోకి దిగిన చీలైతే తడిగా ఉంటుంది, కంపు కొడుతుంది. నువ్వూ వాసన చూడు."

"నాకు జలుబు," అన్నాడు మాసాంబ.

ఒక్కో చీలా ఊడి వస్తోంది. మరేమ్ పిల్ల వీపు నిమురుతూనే ఉంది, పిల్ల ఏడవకపోయినా. తన వల్ల కదా ముసలాయన ఇన్ని మాటలు పడుతున్నాడు అనుకుంది. లాడం ఊడి గోనె మీద పడింది. తాత గిట్టని దగ్గరికి తీసుకుని చూశాడు. గోటితో ఏదో తీసి గుప్పిట మూశాడు.

"మాసాంబా, నా చీల మీద నింద వేశావు కదా. ఇది ఎవరో కావాలని లోపల దూర్చారు."

మాసాంబ మొహంలో రంగు పోయింది. "నా ఇంట్లోనా? నా గుర్రానికా?" చుట్టూ చూశాడు. "అందరూ చేతులు కడుక్కుని రండి. ఖురాన్ తెస్తాను. ఒక్కొక్కళ్ళూ దానిమీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాలి. అమ్మాయ్, ముందు నువ్వు రా. పగలంతా ఇంట్లో ఉండేది నువ్వే కదా."

మరేమ్ పిల్లని ఇంకా గట్టిగా అదుముకుంది. పాలు తాగే పిల్లని చంకలో పెట్టుకుని అబద్ధపు ఒట్టా?

"బావగారూ..." అంది.

"దాన్నెందుకు పిలుస్తావన్నా? నేనే పెట్టాను." గుర్రం మెడ వెనకనించి వచ్చింది బిరామ్ గొంతు.

మరేమ్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఎప్పుడు చూశాడో ఏమో, తను చేసిన తప్పు ఆయన నెత్తిన వేసుకుంటున్నాడు!

మాసాంబ బండి కాడి మీద కూలబడ్డాడు. "ఎందుకురా?"

"పొమ్మన్నావు. పోనని నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక. పిల్ల నన్ను గుర్తుపట్టడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిందన్నా."



"నోరు తెరిచి చెప్పలేకపోయావా గాడిదా! నేనేమన్నా పులినా?" అని మాసాంబ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. "పో. వానలు పడేదాకా ఇక్కడే అఘోరించు."

మరేమ్ గుమ్మానికి చేరగిలబడి ఊపిరి పీల్చుకుంది. అప్పుడుగాని పిల్ల నోటికి పాలు అందలేదు.

లతీర్ తాత పకపకా నవ్వి గుప్పిట తెరిచాడు. "అంతా బాగానే ఉంది గానీ, చింతగింజతో గుర్రాన్ని కుంటించే విద్య ఎక్కడ నేర్చావురా?"

బిరామ్ మొదటిసారి తల ఎత్తి ఆ అరచేతిలోకి చూశాడు.

"చింతగింజేంటి తాతా? నేను పెట్టింది గులకరాయి. అది కూడా ఈ కాల్లో కాదు, కుడికాల్లో."