వెలగని కణాలు

“ఈసారీ వెలగలేదా?” మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అడిగాడు ప్రొఫెసరు.

“లేదు సార్. ఇది పన్నెండోసారి.”

డిగ్రీ ఆఖరి సంవత్సరం అమ్మాయి ఆమె. ప్రాజెక్టు చిన్నదే. మూత్రపిండం కణం పైపొర మీద రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది. హార్మోను వచ్చి దాన్ని తాకగానే లోపలికి కబురు వెళ్ళాలి. ముందే రంగు పట్టించిన కణం ఆకుపచ్చగా వెలగాలి. అంతే.

“సార్, ఈ కణాలకి అసలు ఆ రిసెప్టరే లేదేమో.”

“నా డాక్టరేట్ ఈ కణాల మీదే. పందొమ్మిదేళ్ళుగా పెంచుతున్నాను. నిన్నగాక మొన్న పిపెట్ పట్టుకున్నదానివి, నాకు చెప్తున్నావా? లోపం నీ చేతిలో ఉంది. రిపోర్టులో అదే రాయి. లేకపోతే వైవాలో తప్పుతావు.”

ఆమె సరేనంది. కానీ మనసు ఒప్పుకోలేదు. చిన్న గొట్టంలో కాసిని కణాలు తీసి, అవి నిజంగా ఏ కణాలో తేల్చే పరీక్షకు పంపింది. వారానికి ఫలితం వచ్చింది. అవి మూత్రపిండం కణాలే కావు. ఎప్పుడో వేరే కణాలు వచ్చి కలిశాయి. పెరిగి పెరిగి చివరికి అవే మిగిలాయి.

వైవా రోజు ఆ కాగితం తీసి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు పెట్టింది. ఆ పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. పక్కనుంచి తొంగిచూసిన ప్రొఫెసరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“మీరు కాసేపు బయట కూర్చోండి,” అందావిడ ఆయనతో.

తలుపు మూసుకుంది.

“ఈ పరీక్ష చేయించమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు మేడమ్. పన్నెండుసార్లు చేసినా వెలగకపోతే, ఎంతకని నా చేతినే తిట్టుకోను?”

ఆవిడ నవ్వింది. “పెద్దవాళ్ళు అన్నారు కదా అని ఊరుకోలేదు చూడు, అదమ్మా సైన్సంటే. నూటికి నూరు వేస్తున్నాను.”

“సార్‌కి కోపం వస్తుందేమో మేడమ్.”

“ఆయనతో నేను మాట్లాడతాలే. ఇది ఇంకెవరికైనా చూపించావా?”

“లేదండి.”

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

“ఇక ఎక్కడా ఈ మాట ఎత్తకు తల్లీ. మీ సార్‌కి ఆ కణాలు ఇచ్చింది నేనే.”