దొర గీసిన పల్లం

నెత్తికి ఈకలు కట్టుకుని ఎండలో బండ మీద కూర్చున్న మనిషిని చూసి ముత్తమ్మ పకపకా నవ్వింది.

"ఏందయ్యా, పగటివేషగాడా?"

"నోరు ముయ్యి. దొర ఇంటడు" అన్నాడు ఆమె భర్త బాలనర్సయ్య.

అది 1946 ఎండాకాలం. శామీర్‌పేట చెరువు పక్కన, గొడుగు కింద నిలబడి ఓ ముసలి అమెరికా దొర బొమ్మ వేస్తున్నాడు. జాగీర్దారుకు అతిథి.

ఈకల మనిషి ఆయన నౌకరు. రంగుల పెట్టెలు మోస్తాడు. దొర చెప్పినప్పుడు ఈకలు కట్టుకుంటాడు.

"వీని బొమ్మ లేని పెద్దిల్లు లేదట దొర దేశంల" అన్నాడు అమీర్ అలీ. జాగీర్దారు బంగళాలో వంటవాడు. సికింద్రాబాదులో తెల్లవాళ్లకు వండి ఇంగ్లీషు నేర్చాడు. "తెల్లోళ్లు రాకముందు నుంచి ఆ దేశంల ఉన్న, గుర్రాల మీద తిరిగే జాతి. ఆ జాతిల ఆఖరి మనిషి అని బొమ్మ కింద రాస్తడు దొర."

"ఆఖరి మనిషా? మరి వీనికి పిల్లల్లేరా?"

"నలుగురున్నరట."

ముత్తమ్మ మళ్లీ నవ్వింది. బాలనర్సయ్యకు నవ్వు రాలేదు. అతని కళ్లు పక్కనే దొర మొదలుపెట్టిన రెండో బొమ్మ మీద ఉన్నాయి.

అది మంచమంత పెద్దది. గుట్టలు, చెరువు, మధ్యలో పల్లం. ఆ పల్లంలోనే వాళ్ల గూడెం.

మూడు తరాలుగా అక్కడే దున్నుకుంటున్నారు. చేతిలో కాగితం లేదు.

"మెహమాన్ దొర గీసే బొమ్మ మంచిగ పూర్తయితే మీ గూడెం మొత్తానికి పట్టా ఇస్తా" అన్నాడు జాగీర్దారు. "బొమ్మకేమన్నా అయిందా, ఒక్కడు కూడా ఉండడు."

అప్పటి నుంచి బాలనర్సయ్య ఆ బొమ్మను చంటిపిల్లలా కాస్తున్నాడు.

"అమీర్ భాయ్, మా ఇండ్లేవి బొమ్మల?"

అమీర్ అలీ అడిగి వచ్చాడు. "ముందు ఆకాశం, గుట్టలు. ఇండ్లు ఆఖరుకట. పరేషాన్ గాకు."

నాలుగో రోజు బొమ్మకు గుడ్డ కప్పించాడు దొర. రంగు ఆరేదాకా ఎవరూ చూడకూడదు.

ఆ పొద్దున నౌకరు గూడెంలోకి వచ్చాడు. గుడిసెను చూపించాడు. గుడ్డ కప్పిన బొమ్మను చూపించాడు. అరచేత్తో గాలిని తుడిచేశాడు.

"ఆకలైతున్నట్టుంది" అంది ముత్తమ్మ. ముంతెడు అంబలి పోసింది.

అతను తాగాడు. మళ్లీ గుడిసెను చూపించాడు. మళ్లీ గాలిని తుడిచాడు.

"వీనికి ఇంకో ముంత గావాల్నా!"

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. దొర బంగళాలో కునుకు తీస్తున్నాడు. అమీర్ అలీ మాంసానికి మేడ్చల్ పోయాడు. బాలనర్సయ్య చెరువులో మొహం కడుక్కుని తిరిగి చూస్తే, బొమ్మ మీద గుడ్డ లేదు.

నౌకరు కుంచె పట్టుకుని గబగబా ఏదో పూస్తున్నాడు.

పచ్చటి పల్లం మీద బూడిద రంగు మరకలు!

బాలనర్సయ్య పరుగున వచ్చి అతని చేయి విరిచి పట్టుకున్నాడు.

"దొరా! జల్దీ రాండ్రి! బొమ్మ ఖరాబు జేస్తుండు!"

నౌకరు ఏదో అరుస్తూ రెండో చేత్తో గూడెం వైపు చూపించాడు. అర్థం కాలేదు. బాలనర్సయ్య అతని చెంప మీద కొట్టాడు.

"మా పట్టా పోగొడ్తవారా!"

దొర వచ్చాడు. నౌకరు వైపు చూడనైనా చూడలేదు. నూనెలో ముంచిన గుడ్డతో మరకలు ఒక్కొక్కటే తుడిచాడు. పచ్చి రంగు, ఇట్టే పోయింది.

జాగీర్దారు మనుషులు నౌకరును ఈడ్చుకుపోయారు. కర్రల చప్పుడు చాలాసేపు వినిపించింది.

"శెభాష్" అన్నాడు జాగీర్దారు, బాలనర్సయ్య భుజం తట్టి.

నెల తిరిగింది. పట్టా రాలేదు. గుమాస్తా వచ్చాడు, ముప్పై మంది మనుషులతో.

"ఖాళీ చెయ్యండి. ఇది జాగీర్దారు వేటాడే శికారు అడవి. ఇక్కడ ఊరు లేదు."

"ఊరు లేదా? మేమున్నం గద సామీ!"

"పట్నంల పెద్దలు బొమ్మ చూసిన్రు. అంత పెద్ద దొర కండ్లార చూసి గీసిండు. దాంట్ల నరమానవుడు లేడు. ఇది అడవేనని జాగీర్దారు అడిగిన కాగితానికి సర్కారు మొహరు పడ్డది."

సాయంత్రానికి గూడెం తగలబడింది.

చెరువు కట్ట మీద నిలబడి చూశాడు బాలనర్సయ్య. పచ్చటి పల్లంలో పదకొండు బూడిద మరకలు. గుట్ట కింద వరసగా పది. చెరువు వైపు విడిగా ఒకటి, తనది.

ఆ రోజు బొమ్మ మీద కూడా ఇలాగే ఉన్నాయి. ఇక్కడిక్కడే.

అతను భార్య వైపు తిరిగాడు. "ముత్తా, ఆయన పూసింది మన ఇంటి కప్పులే."

బంగళా వెనక వాకిట్లో అమీర్ అలీ దొరికాడు.

"ఆయనేడున్నడు అమీర్ భాయ్? ఆయన కాళ్లు మొక్కాలె."

అమీర్ అలీ తల ఎత్తలేదు. "ఆ రాత్రే రైలెక్కిద్దామని మేడ్చల్ స్టేషన్‌కు తీస్కపోయిన. పక్కటెముకలు ఇరిగినయ్. రైలు రాకముందే పానం పోయింది. నేనే మట్టిచ్చిన."

"ఏమన్న చెప్పిండా?"

"చెప్పిండు. నీకు చెప్తే నా నౌకరీ పోతదని భయపడ్డ నర్సన్నా."

"ఇప్పుడన్న చెప్పు."

"దొరకు మొదట పేరొచ్చింది గూడ గిసొంటి బొమ్మకేనట. ఆళ్ల దేశంల, మనిషి జాడ లేనట్టు గీసిన ఒక లోయ. అది చూసినంకనే తెల్లోళ్లు బండ్లు గట్టుకొని ఆడికి పోయి ఆ నేల గుంజుకున్నరట."

అమీర్ అలీ భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ లోయల దొర గీయకుండ ఇడిసిన ఇండ్లల్ల ఒకదాంట్లనే ఆయన పుట్టిండట."